రాకెట్టు మోసేది తన ఇంధనాన్నే

శ్రీహరికోట నుంచి వాహకనౌక లేచిన ప్రతిసారీ పత్రికల్లోనూ టెలివిజన్ వ్యాఖ్యానాల్లోనూ తప్పకుండా వినిపించే మాట ఒకటి ఉంది: రాకెట్టు భూమ్యాకర్షణను ఛేదించుకుని నింగికి ఎగసిందని. ఈ మాటలో అలంకారం పాలు ఎంత ఉన్నా దాని వెనుక ఒక సిద్ధాంతమూ ఉంది. అంతరిక్షం చాలా ఎత్తున ఉన్నదనీ, అక్కడికి బరువును మోసుకుపోయే దారి పొడుగునా భూమి కిందికి గుంజుతూ ఉంటుందనీ, ఆ గుంజుడును గెలవడానికే వందల టన్నుల ఇంధనం కాలిపోతుందనీ, ఆకర్షణ పరిధి దాటాక ఇక ఇంధనంతో పనే లేదనీ ఆ సిద్ధాంతం చెబుతుంది. బడిలో సైన్సు చెప్పే ఉపాధ్యాయుడి దగ్గర నుంచి ప్రయోగ వార్త రాసే పాత్రికేయుడి దాకా దీన్ని అనుమానించేవారు అరుదు. నాలుగు అంగాలున్న ఈ సిద్ధాంతంలో భూమి గుంజుతుందన్న రెండవ అంగం ఒక్కటే నిజం, అదీ దానికి అంటగట్టిన మేరకు కాదు.

మొదట ఎత్తు సంగతి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. విజయవాడ నుంచి విశాఖపట్నానికి రోడ్డు మీద పోయే దూరం కంటే అది కొంచెమే ఎక్కువ. ఆ ఎత్తున భూమ్యాకర్షణ మాయమైపోదు. నేల మీద ఉన్నదానిలో దాదాపు 89 శాతం అక్కడ కూడా ఉంటుంది. వ్యోమగాములు తేలుతూ కనిపించేది ఆకర్షణ లేక కాదు, వారూ వారున్న గదీ కలిసి ఎడతెగకుండా కిందికి పడుతూనే ఉండటం వల్ల. పడుతున్నవారు నేలను ఎందుకు తాకరన్న ప్రశ్నలోనే ఈ వివాదం మొత్తం ఇమిడి ఉంది. జారవిడిచిన వస్తువు ఏదైనా మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు కిందికి పడుతుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల అడ్డంగా 8 కిలోమీటర్లు పోయేసరికి నేల కూడా 5 మీటర్లు కిందికి వంగిపోతుంది. కాబట్టి సెకనుకు 8 కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగంతో అడ్డంగా పోయే వస్తువు పడుతూనే ఉన్నా నేలకు దగ్గర కాదు. ఆ దారి పేరే కక్ష్య, ఆ వేగం పేరే కక్ష్యా వేగం. ఉపగ్రహాన్ని నిలబెట్టేది దాని ఎత్తు కాదు, అడ్డంగా పోయే ఈ పోకడ.

దీనికి సాక్ష్యం వెతకడానికి దూరం పోనక్కరలేదు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ వాతావరణ పరిశోధన కోసం వాడే ఆర్‌హెచ్-560 అనే రాకెట్టు ఉంది. పేరులోని అంకె దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. సుమారు ఒకటిన్నర టన్ను బరువుండే ఈ చిన్న రాకెట్టు 100 కిలోల పరికరాలను 470 కిలోమీటర్ల దాకా, అంటే అంతరిక్ష కేంద్రాన్ని మించిన ఎత్తుకు, నిట్టనిలువుగా తీసుకుపోగలదు. ఆ పరికరాలు అక్కడ ఆగవు, విసిరిన రాయిలాగే తిరిగి పడిపోతాయి. దీని పక్కన, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని తొలిసారి కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3ని నిలబెట్టి చూడాలి. దాని బరువు 17 టన్నులు, అది మోసింది 35 కిలోలు, రోహిణి తిరిగిన కక్ష్య దాదాపు 300 నుంచి 900 కిలోమీటర్ల మధ్యది. రెండూ ఘన ఇంధనంతో నడిచినవే, రెండింటి ఎత్తులూ ఇంచుమించు ఒకే తరగతివి. అయినా ఒకదానిలో కిలో సరుకుకు 15 కిలోల రాకెట్టు సరిపోగా రెండవదానిలో దాదాపు 490 కిలోల రాకెట్టు కావలసివచ్చింది. ఇంధనం ఎత్తు కోసమే అయితే ఈ ముప్పై రెట్ల తేడాను ప్రచారంలో ఉన్న సిద్ధాంతం ఏ ఖాతాలో రాస్తుంది? హైదరాబాద్ సంస్థ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి పంపిన విక్రమ్-ఎస్ అర టన్ను బరువుతోనే 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. అది గర్వించదగ్గ ప్రయోగమే, అయితే ఎత్తు అందుకోవడం ఎంత చవకో కూడా అదే చూపింది.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం చంద్రయాన్-3 ప్రయోగంలోనే ఉంది. 2023 జూలై 14న ఎల్‌వీఎం-3 వాహకనౌకలో చివరి దశ, అంటే ద్రవ హైడ్రోజన్‌ను ద్రవ ఆక్సిజన్‌తో మండించే క్రయోజెనిక్ దశ, ప్రయోగం మొదలైన ఐదు నిమిషాల తరువాత సుమారు 176 కిలోమీటర్ల ఎత్తున రాజుకుంది. అప్పటి వేగం సెకనుకు 4.6 కిలోమీటర్లు. అది పదిన్నర నిమిషాలకు పైగా మండి ఆగిపోయేసరికి వేగం సెకనుకు 10.2 కిలోమీటర్లు దాటింది, ఎత్తు మాత్రం దాదాపు 175 కిలోమీటర్లు. మొత్తం ప్రయోగంలో అన్నింటికన్నా మేలైన 28 టన్నుల ఇంధనం కాలిపోయింది, రాకెట్టు మాత్రం ఒక్క మీటరు కూడా పైకి పోలేదు, పైగా కాస్త కిందికే దిగింది. ఆ పది నిమిషాలసేపూ తెరల మీద ఆకాశానికి దూసుకుపోవడం గురించే మాట్లాడి ఉంటారన్నది వేరే సంగతి.

లెక్క వేసినా ఇదే తేలుతుంది. ఒక కిలో బరువును 400 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి, భౌతికశాస్త్రం స్థితిశక్తి అని పిలిచేది, సుమారు 3.7 మెగాజౌళ్లు. అదే కిలోకు అక్కడ ఉండవలసిన వేగాన్ని ఇవ్వడానికి కావలసిన గతిశక్తి సుమారు 29.4 మెగాజౌళ్లు. ఎత్తు వాటా తొమ్మిదింట ఒక వంతు, మిగిలిన ఎనిమిది వంతులూ వేగానివి.

ప్రయోగ కేంద్రాలను కట్టేవారు ఈ సంగతి ఎరిగే కడతారు. ఎత్తే అసలు అడ్డంకి అయితే హిమాలయాలున్న దేశం తన ప్రయోగ వేదికను లడఖ్‌లో కట్టుకోవలసింది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ, సముద్రమట్టానికి అంటుకున్నట్టుండే దీవిని ఎంచుకోవడం వింతగా ఉండేది. ఎవరెస్టు శిఖరం మీది నుంచి ప్రయోగించినా ఎత్తు రూపంలో మిగిలే శక్తి కక్ష్యకు కావలసిన మొత్తంలో అర శాతం కూడా ఉండదు. పలుచని గాలి వల్ల ఇంజన్‌కు కొంత మేలు జరిగే మాట నిజమే కానీ, వందల టన్నుల దశలను కొండెక్కించే శ్రమ ముందు అది ఏపాటి? శ్రీహరికోట ఇచ్చే లాభం వేరు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతున్నందున ఆ అక్షాంశం దగ్గర నేలే సెకనుకు దాదాపు 0.45 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది, తూర్పుగా ఎగిరే రాకెట్టుకు ఆ వేగం ఉచితంగా దక్కుతుంది. తూర్పున సముద్రమే కాబట్టి ఖాళీ దశలు ఎవరి నెత్తిన పడకుండా నీళ్లలో పడతాయి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను మాత్రం ఇక్కడి నుంచి నేరుగా దక్షిణానికి పంపడం కుదరదు, దారిలో శ్రీలంక ఉంది. రాకెట్టు ముందు పక్కకు పోయి ఆ తరువాత మలుపు తిరగాలి, వేగపు దిశను మార్చడానికి కూడా ఇంధనమే కాలాలి. చిన్న రాకెట్టుకు ఈ మలుపు ఖర్చు భరించరానిది కనుకనే తమిళనాడులోని కులశేఖరపట్టణంలో రెండవ ప్రయోగ కేంద్రానికి 2024లో శంకుస్థాపన జరిగింది. అదీ సముద్రపు ఒడ్డే. రెండు చోట్లా చూసుకున్నది దిశను, వేగాన్ని. ఎత్తును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఎత్తును వేగంతో మార్చినంత మాత్రాన చిక్కు వీడిపోదు. పైన చెప్పిన రెండు శక్తులను కూడితే కిలోకు 33 మెగాజౌళ్లవుతుంది, అది ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తికి ఇంచుమించు సమానం, కరెంటు బిల్లు భాషలో చెబితే తొమ్మిది యూనిట్లు. కిలో బరువును కక్ష్యలో నిలపడానికి న్యాయంగా కావలసింది లీటరు పెట్రోలు, అది మండటానికి రెండున్నర కిలోల పైచిలుకు ఆక్సిజన్. ఎల్‌వీఎం-3 అయితే 8 టన్నుల సరుకును భూమికి దగ్గరి కక్ష్యలో పెట్టడానికి సుమారు 554 టన్నులు మండిస్తుంది, అంటే కిలోకు దాదాపు 70 కిలోలు. అవసరమైన శక్తి ఇంత తక్కువై, ఖర్చు ఇరవై రెట్లు కావడమేమిటి? భూమ్యాకర్షణ మహాబలం అన్న వాదం ఇక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఎందుకంటే ఆకర్షణకు తీర్చవలసిన బాకీ అంతా ఆ లీటరు పెట్రోలు లెక్కలోకి వచ్చేసింది.

జవాబు రాకెట్టు నడిచే తీరులో ఉంది. మనిషి నేలను వెనక్కి తన్ని నడుస్తాడు, పడవ నీటిని వెనక్కి నెట్టి సాగుతుంది, విమానం గాలిని వెనక్కి తోస్తుంది; నెట్టించుకునే నేల, నీరు, గాలి దారి పొడవునా సిద్ధంగా ఉంటాయి, వాటిని ఎవరూ మోసుకుపోనక్కరలేదు. రాకెట్టుకు ఆ వసతి లేదు, వెనక్కి విసరవలసిన దాన్ని కూడా అది తనతోనే తీసుకుపోవాలి. చెరువు నడిమధ్య తెడ్డు లేని పడవలో రాళ్ల గుట్టతో కూర్చున్న మనిషిని ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. ఒక్కొక్క రాయినీ వెనక్కి విసిరినప్పుడల్లా పడవ కాస్త ముందుకు కదులుతుంది. దీన్నే ద్రవ్యవేగ నిత్యత్వం అంటారు: రాయి బరువును దాని వేగంతో హెచ్చవేస్తే వచ్చే విలువ ఎంతో, పడవ ఎదురు దిశలో అంతే పొందుతుంది. మొదటి రాళ్లు విసిరేటప్పుడు పడవలో మనిషే కాదు, ఇంకా విసరని రాళ్ల గుట్ట కూడా ఉంది కాబట్టి ఆ మొదటి విసుర్ల బలమంతా తరువాత విసరబోయే రాళ్లను ముందుకు నెట్టడానికే సరిపోతుంది. కలూగ పట్టణంలో బడిపంతులుగా పనిచేసిన రష్యన్ శాస్త్రవేత్త కొన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రకటించిన సమీకరణం చెప్పేది ఇదే. రాకెట్టు పొందే వేగం ఇంధనం బరువుతో సూటిగా పెరగదు, తొలి బరువును చివరి బరువుతో భాగిస్తే వచ్చే సంఖ్య సంవర్గమానంతో పెరుగుతుంది. సంవర్గమానం అంటే ఒక సంఖ్యను మరొకటి పొందడానికి ఎన్నిసార్లు హెచ్చవేయాలో చెప్పే కొలత.

సూత్రం పక్కన పెట్టి అంకెలే చూడవచ్చు. వాయువులు వెనక్కి వెలువడే వేగం సెకనుకు 3 కిలోమీటర్లనీ, చివరకు 1 టన్ను మిగలాలనీ అనుకుంటే, ఆ టన్నుకు 3 కిలోమీటర్ల వేగం ఇవ్వడానికి 2.7 టన్నులతో మొదలుపెట్టాలి. 6 కిలోమీటర్లకు 7.4 టన్నులు, 9 కిలోమీటర్లకు 20 టన్నులు. వేగం మెట్టుమెట్టుకూ సమానంగా పెరుగుతుంటే బరువు చక్రవడ్డీలాగా పెరుగుతోంది. ఈ వడ్డీలో మరో విశేషం ఉంది: చివరి 3 కిలోమీటర్ల వేగానికి 1.7 టన్నులే చాలగా, మొట్టమొదటి 3 కిలోమీటర్లకు 12.7 టన్నులు, అంటే మొత్తంలో మూడింట రెండు వంతులు, ఖర్చవుతున్నాయి.

ప్రచారంలో ఉన్న పొరపాటుకు పుట్టినిల్లు బహుశా ఇదే. ప్రయోగం చూసేవారి కంటికి నేల దగ్గరే పెద్ద మంట, పెద్ద పొగ, పెద్ద చప్పుడు కనబడి వినబడతాయి. పైకి పోయేకొద్దీ అంతా పలుచబడుతుంది. ఎల్‌వీఎం-3 పక్కల ఉండే రెండు ఘన ఇంధన దశలు రెండు నిమిషాల పైచిలుకులో 410 టన్నులను, అంటే మొత్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులను, తగలేస్తాయి. అప్పటికి రాకెట్టు అందుకున్న ఎత్తు సుమారు 60 కిలోమీటర్లు, వేగం సెకనుకు 2 కిలోమీటర్లకు లోపే. నేల దగ్గర ఆకర్షణ బలంగా ఉండి పైన తగ్గిపోయిందని చూసేవాడు అనుకుంటాడు. 60 కిలోమీటర్ల ఎత్తున ఆకర్షణ 2 శాతం కూడా తగ్గదు. తగ్గింది రాకెట్టు బరువు. ఆ 410 టన్నులు చేసిన పనిలో సింహభాగం తరువాతి దశల ఇంధనాన్ని కదిలించడమే. మేత దొరకని దారిలో ఎడ్లకు కావలసిన గడ్డి కూడా బండిలోనే వేసుకుపోతే, మొదటి రోజు ఎడ్లు ప్రధానంగా తమ గడ్డినే లాగుతాయి.

ప్రత్యర్థి పక్షం నుంచి రాదగిన గట్టి ఆక్షేపణను కూడా పరిశీలించాలి. కక్ష్యా వేగం అంత ఎక్కువ కావడానికి కారణం భూమ్యాకర్షణే కదా, రాకెట్టు నిలువుగా లేచే తొలి నిమిషాలలో ఇంధనం నిజంగానే బరువును నిలబెట్టడానికి ఖర్చవుతుంది కదా అని వారు అనవచ్చు. రెండూ నిజమే. నిలువుగా లేచేటప్పుడు పోయే భాగాన్ని గురుత్వ నష్టం అంటారు, అది సెకనుకు ఒకటిన్నర కిలోమీటర్ల వేగానికి సమానం. గాలి రాపిడి వల్ల పోయేది ఇంకా స్వల్పం. 3 కిలోమీటర్ల వాయువేగం లెక్కలో చూస్తే గురుత్వ నష్టం రాకెట్టు తొలి బరువును 1.65 రెట్లు చేస్తుంది, కక్ష్యా వేగం మాత్రం 13 రెట్లకు పైగా చేస్తుంది. ఎవరి వాటా ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ఇక ఆకర్షణే మూలకారణమన్న మాటకు చంద్రుడు జవాబు చెబుతాడు. అపోలో యాత్రలలో ఇద్దరు వ్యోమగాములతో చంద్రుడి నేల మీది నుంచి లేచిన చిన్న నౌక సుమారు 4.7 టన్నుల బరువుండేది, అందులో సగమే ఇంధనం. మిగిలిన ప్రతి కిలోకూ ఒక కిలో ఇంధనమన్నమాట. నేల మీద భూమి ఆకర్షణ చంద్రుడి ఆకర్షణకు ఆరు రెట్లు కనుక, ఆకర్షణను గెలవడమే లెక్క అయితే భూమి మీద కిలోకు ఆరు కిలోలు కావాలి. ఆ తరహా ఇంజన్‌తోనే, దశల విభజన లేకుండా, భూమి నుంచి కక్ష్యకు పోవాలంటే మాత్రం కిలోకు 20 కిలోలకు పైగా కావాలి. ఆకర్షణ వేగాన్ని నిర్ణయిస్తుంది, వేగం ఇంధనాన్ని నిర్ణయిస్తుంది. మొదటిది సాధారణ వడ్డీ, రెండవది చక్రవడ్డీ. ఈ తేడాను మింగేసినవారు ఆరుకూ ఇరవైకీ మధ్య దూరాన్ని వివరించలేరు.

మంచి ఇంధనం ఇంకా దొరకలేదు, దొరికితే ఈ బాధ ఉండదన్నది మరొక వాదం. ఇక్కడ ముందు ఇంధనం అన్న మాటనే సరిచూసుకోవాలి. రాకెట్టులో ఉండేది రెండు పదార్థాలు: మండేది ఇంధనం, దాన్ని మండించడానికి ఆక్సిజన్‌ను అందించేది ఆక్సీకరణి, రెండూ కలిసి చోదకం. విమానం ఆక్సిజన్‌ను దారిలోని గాలి నుంచి తీసుకుంటుంది, రాకెట్టు ఇంటి నుంచే మోసుకుపోతుంది. క్రయోజెనిక్ దశ చోదకం బరువులో దాదాపు ఆరింట ఐదు వంతులు ఆక్సిజనే. ఘన దశల చోదకంలో మూడింట రెండు వంతులు అమ్మోనియం పెర్‌క్లోరేట్ అనే ఆక్సీకరణి. జనం ఇంధనమని పిలుస్తున్న వందల టన్నులలో ఎక్కువ భాగం ఇంధనమే కాదు. ఇక మేలైన ఇంధనం మాట. ఎల్‌వీఎం-3లో ఘన దశల వాయువేగం సెకనుకు దాదాపు 2.7 కిలోమీటర్లు, ద్రవ దశది 2.9, క్రయోజెనిక్ దశది 4.3. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల జంటను మించి వాడుకకు పనికొచ్చే రసాయనం లేదు, దానికీ హద్దు నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర ఉంది. కక్ష్యకు కావలసింది దానికి రెండింతలు. రసాయన బంధాలలో ఉన్న శక్తే అంత, అది ఇంజనీర్ల అసమర్థత కాదు.

ఇంజన్ బలం ఎక్కువైతే ఇంధనం తగ్గుతుందన్న నమ్మకానికి డాన్ అనే అమెరికా వ్యోమనౌక ఒక ఎదురుదెబ్బ. 2007లో బయలుదేరి వెస్టా అనే గ్రహశకలం చుట్టూ, సీరీస్ అనే మరుగుజ్జు గ్రహం చుట్టూ తిరిగిన ఆ నౌక 1.2 టన్నుల బరువుది, దాని అయాన్ ఇంజన్ నెట్టుడు రెండు కాగితాల బరువును మించేది కాదు. అయినా కేవలం 425 కిలోల జెనాన్ వాయువు నిల్వతో అది ఏళ్ల తరబడి సెకనుకు 11 కిలోమీటర్లకు పైగా వేగపు మార్పు సాధించింది, ఎందుకంటే ఆ వాయువు సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో వెలువడేది. ఇంత బలహీనమైన ఇంజన్ ఇంత తక్కువ ఇంధనంతో నెగ్గుకొచ్చింది. భూమి మీద మాత్రం అది తన బరువును కూడా లేపుకోలేదు, అందుకే ఇక్కడ మళ్లీ మంటల రాకెట్టే శరణ్యం.

చక్రవడ్డీ నుంచి కొంత తప్పించుకునే ఉపాయం దశలు. ఖాళీ అయిన తొట్టెను కూడా వేగవంతం చేయడం దండగ కనుక దాన్ని దారిలోనే వదిలేస్తారు. అలా వదిలేస్తూ పోయినా, చంద్రయాన్-3లో 640 టన్నుల వాహకనౌక చివరకు అప్పగించింది 3.9 టన్నులు. ఆ 3.9 టన్నులనైనా సరుకు అనవచ్చునా? అందులో నౌకను చంద్రుడి దాకా తీసుకుపోయిన భాగం 2.1 టన్నులు, దానిలో సుమారు 1.7 టన్నులు మళ్లీ చోదకమే. మిగిలిన విక్రమ్ ల్యాండర్ 1.75 టన్నులలోనూ చోదకం ఉంది. అన్నీ పోగా చంద్రుడి నేల మీద దొర్లిన ప్రజ్ఞాన్ బండి 26 కిలోలు.

2023 ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగడం మొదలుపెట్టినప్పుడు చంద్రుడి ఆకర్షణ దానికి అడ్డు కాదు, అది పోవలసిన వైపుకే లాగుతోంది. ఎక్కడం లేదు, మోయడం లేదు, కిందికి పోవడమే పని. అయినా ల్యాండర్ ఇంజన్లు వెంటనే మండాయి, తొలి ఘట్టంలోనే 690 సెకన్లు ఆగకుండా పనిచేశాయి, ఎందుకంటే దానికి అడ్డంగా సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగం ఉంది, చంద్రుడి మీద ఆ వేగాన్ని తగ్గించే గాలి లేదు.